కర్రకు రెండంగల ముందు: ఒక ట్రెయిల్ గుర్రం కేస్ స్టడీ

పెన్నీ రాగి రంగు ఆడ క్వార్టర్ హార్స్. వయసు ఏడేళ్లు, ఎత్తు 15.1 హ్యాండ్స్, అంటే మెడ మొదట్లో కొలిస్తే ఐదడుగుల ఒక అంగుళం. నోరు మెత్తన (పగ్గం కాస్త తాకినా వింటుంది), మనుషులంటే బెదురు లేదు, జీను వేస్తుంటే కదలకుండా నిలబడుతుంది. వెస్టర్న్ ప్లెజర్‌లో, అంటే నడక తీరు చూసి మార్కులు వేసే పోటీల్లో, పెరిగిన గుర్రం కాబట్టి నడక చూడముచ్చటగా ఉంటుంది. ఫ్రిస్కోలో ఉండే ఒక తెలుగు కుటుంబం పదహారేళ్ల కూతురి కోసం దీన్ని కొన్నారు. డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ కౌంటీలో నేను పనిచేసే బార్న్‌కి పంపేటప్పటికి ఆ అమ్మాయి ఒక సీజన్ పాటు యూత్ ట్రెయిల్ క్లాసుల్లో దీని మీద పోటీ చేసి అలసిపోయి ఉంది. స్కోర్ షీట్లు తెచ్చి చూపించారు. అన్నీ యాభై చిల్లరే.

ఆ అంకెకి అర్థమేంటో ముందు చెప్పాలి. ట్రెయిల్ అనగానే అడవి దారిలో షికారు అనుకుంటారు మనవాళ్లు. అసలు పుట్టుక అక్కడే, కానీ ఇప్పుడు క్లాసు జరిగేది ఇసుక పరిచిన అరీనాలో. నేల మీద రంగు కర్రలు రకరకాల లెక్కల్లో పరుస్తారు. తాడు గేటు ఒకటి ఉంటుంది, చెక్క బ్రిడ్జి, వెనక్కి నడవాల్సిన ఎల్ ఆకారపు సందు, కర్ర మీదుగా పక్కకి జరగాల్సిన సైడ్‌పాస్, నాలుగు కర్రల చతురస్రంలో చుట్టూ తిరిగే బాక్స్ కూడా మామూలే. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్, 1940లో ఫోర్ట్ వర్త్‌లో పుట్టిన సంస్థ, వీటి కొలతలు నిబంధనల్లో రాసి పెట్టింది. వాక్‌లో (మామూలు నడక) దాటే కర్రల మధ్య 20 నుంచి 24 అంగుళాలు. జాగ్‌లో (మెల్లటి చిన్న పరుగు) అయితే మూడు నుంచి మూడున్నర అడుగులు. లోప్‌లో (మెల్లటి దౌడు) ఆరు నుంచి ఏడు అడుగులు. వెనక్కి నడిచే సందు వెడల్పు కనీసం 28 అంగుళాలు. బ్రిడ్జి కనీసం 36 అంగుళాల వెడల్పు, ఆరడుగుల పొడవు.

స్కోరు 70తో మొదలవుతుంది. 70 అంటే సగటు. ఒక్కో అడ్డంకికి ప్లస్ ఒకటిన్నర నుంచి మైనస్ ఒకటిన్నర దాకా వేస్తారు, తప్పులకు విడిగా కోస్తారు. డెక్క కర్రకి రాసుకుంటే అర పాయింటు, గట్టిగా తగిలినా తొక్కినా ఒకటి. ఎత్తు పెట్టిన కర్రని పడేస్తే మూడు. మొరాయిస్తే ఐదు, రెండోసారి మొరాయిస్తే ఇంకో ఐదు, మూడోసారికి స్కోరే సున్నా. అంటే యాభై చిల్లర వచ్చిన గుర్రం సగటు కన్నా కాస్త వెనకబడిన గుర్రం కాదు. ఎక్కడో రెండుసార్లు ఆగిపోయి, మిగతా చోట్ల కర్రలన్నీ తన్నుకుంటూ వెళ్లిన గుర్రం.

వాళ్ల నాన్న మొదటి రోజే అడిగారు: "ఏమండీ, అర మైలు పరిగెత్తాల్సిన గుర్రంతో కింద పడేసిన కర్రలు దాటించడానికి ఇంత తంటాలా?" క్వార్టర్ హార్స్ పేరొందింది పావు మైలు పరుగుకి అని చెప్పాను. ఆయన నవ్వి, "పోనీ, కర్రలు ఎక్కువసార్లు దాటిస్తే అలవాటైపోతుంది కదా" అన్నారు. అప్పటిదాకా జరిగింది అదే. ఇంటి దగ్గర అరీనాలో పూర్తి కోర్సు పరిచి, అదే కోర్సు వారమంతా తిప్పారు. గుర్రం కోర్సు నేర్చుకుంది, కర్రలు నేర్చుకోలేదు. గేటు అయిపోగానే తర్వాత జాగ్ అని దానికి తెలుసు. అమ్మాయి అడగకముందే జాగ్ మొదలుపెట్టేది. ఎల్‌లోకి వెనక్కి అడుగు పెట్టగానే బయటపడే తొందర. తల్లిదండ్రులు దాన్ని తెలివి అన్నారు. నిజంగానే తెలివి, కానీ ట్రెయిల్లో ఆ తెలివికి ఒక్కోసారి మూడు పాయింట్లు పోతాయి.

మొదట కాళ్లు చూడాలి

కర్రల దగ్గరికి వెళ్లేముందు వెటర్నరీ డాక్టర్ని పిలిపించాను. కర్ర తన్నే గుర్రాన్ని శిక్షణలోకి తీసుకునే ముందు ఇది తప్పనిసరి అని నా నమ్మకం. చాలామంది ట్రైనర్లు దీన్ని చివరికి నెడతారు, ఎందుకంటే బిల్లు యజమానికి వెళ్తుంది, యజమాని మొహం ట్రైనర్ చూడాలి. ఫ్లెక్షన్ టెస్టులో, అంటే కాలు కాసేపు మడిచి పట్టుకుని వదిలి జాగ్ చేయించినప్పుడు, ఎడమ వెనక కాలు మొదటి కొన్ని అడుగులు కుంటింది. ఎక్స్‌రేలో హాక్ (వెనక కాలి మధ్యలో ఉండే పెద్ద కీలు) కింది చిన్న కీళ్లలో ఆర్థ్రైటిస్ మొదలైన గుర్తులు. వెస్టర్న్ పోటీ గుర్రాల్లో ఇది సాధారణం, పెద్ద విషాదమేమీ కాదు. డాక్టర్ కీలులో ఇంజెక్షన్ ఇచ్చి కొన్నాళ్లు విశ్రాంతి చెప్పారు. కండరాల జబ్బులకి క్వార్టర్ హార్సుల్లో చేసే జన్యు పరీక్షలు కూడా చూశాం, ముఖ్యంగా పీఎస్‌ఎస్‌ఎం1. అది ఉన్న గుర్రం కండరాలు బిగుసుకుపోయి వెనక్కి నడవడానికి, కాళ్లు ఎత్తడానికి ఇష్టపడదు, చూసేవాళ్లకి మొండితనంలా కనిపిస్తుంది. పెన్నీకి అది లేదు. నాడాలు ఎనిమిది వారాలకోసారి మారుస్తున్నారు. ముందు డెక్కల కొస పెరిగి, కాలు నేల వదలడం ఆలస్యమవుతోంది. ఆరు వారాలకు మార్చమన్నాను.

ఎడమ వెనక కాలి నొప్పి ఎందుకంత ముఖ్యమో లోప్ ఎలా పడుతుందో తెలిస్తే అర్థమవుతుంది. లోప్ మూడు దెబ్బల నడక. కుడి లీడ్‌లో, అంటే కుడి ముందు కాలు ముందుకి సాగే లోప్‌లో, ఉన్నప్పుడు మొదట నేల తాకేది ఎడమ వెనక కాలు, ఒంటరిగా. తర్వాత కుడి వెనక, ఎడమ ముందు కాళ్లు కలిసి. చివరికి కుడి ముందు కాలు. అంటే కుడి లీడ్‌లో ప్రతి అంగా ఆ నొప్పి కాలి మీదే మొదలవుతుంది. ఆ కాలి మీద కూర్చుని ఒళ్లు పైకి ఎత్తుకోవడం ఇష్టం లేక గుర్రం ముందుకి పడిపోతూ, నేలబారుగా, పొడుగ్గా అంగ వేస్తుంది.

ఇది ఊహ కాకూడదని ఇసుక సాఫు చేయించి, దాని మీద లోప్ చేయించి, డెక్క గుర్తులు టేపుతో కొలిచాం. ఎడమ లీడ్‌లో అంగ దాదాపు ఆరడుగులు. కుడి లీడ్‌లో ఆరున్నర. ఆరడుగుల లెక్కన పరిచిన లోప్ కర్రల మీద కుడి లీడ్‌లో వస్తే ఏమవుతుందో చూడండి. మొదటి కర్ర బాగానే దాటుతుంది. రెండో కర్ర దగ్గర అరడుగు ముందుకు జరిగి ఉంటుంది, మూడో కర్ర దగ్గర అడుగు, నాలుగో దాని దగ్గర అడుగున్నర. పెన్నీ స్కోర్ షీట్లలో తన్నినవన్నీ మూడో కర్ర, నాలుగో కర్ర. అమ్మాయి చెప్పుకున్నది "మూడో కర్ర దగ్గర దీనికి ఏదో భయం అంకుల్" అని. భయం కాదు, లెక్క తప్పడం. ఆ లెక్క మూడో కర్ర దగ్గర తప్పలేదు, మొదటి కర్రకి రెండంగల ముందే తప్పింది.

ఇంజెక్షన్ తర్వాత తన్నడం తగ్గింది, ఆగలేదు. నొప్పి పోయినా నొప్పి నేర్పిన నడక ఒంట్లో ఉండిపోతుంది. అక్కడి నుంచే నా పని.

ఒక కర్ర, ఒక కాలు

చాలా రోజులు పెన్నీకి ఒక్క కర్రే వేశాను. పిల్లకి విసుగొచ్చింది, వాళ్ల నాన్నకి ఇంకా ఎక్కువ.

పని ఇది. వాక్‌లో కర్ర మీదికి వెళ్లి, ముందు కాళ్లు రెండూ దాటాక, కర్ర పొట్ట కింద ఉండగా ఆపాలి. ఆగాలి. పగ్గం వదులు చేసి అలాగే నిలబడాలి. తర్వాత ఒక్క వెనక కాలు దాటించి మళ్లీ ఆపాలి. తర్వాత రెండోది. ఇంకో విడతలో కర్ర పొట్ట కింద ఉండగానే ఆపి, ముందుకి కాకుండా ముందు కాళ్లని వెనక్కి దాటించాలి. చెప్పడానికి చిన్న పిల్లల ఆటలా ఉంటుంది. కానీ కర్ర పొట్ట కింద ఉన్నప్పుడు గుర్రానికి అది కనిపించదు. గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉండి దాదాపు చుట్టూ చూస్తాయి, కానీ నుదుటికి సూటిగా ముందు, గడ్డం కింద, తోక వెనక దానికి గుడ్డి చోట్లు. అడ్డంకి దగ్గరికొచ్చేసరికి ముందు కాళ్లు కూడా అంతకుముందు చూసిన దాన్ని బట్టే లేస్తాయి. వెనక కాళ్లు ఎత్తేది పూర్తిగా జ్ఞాపకంతోనే. మీద ఉన్న మనిషి ఇప్పుడే కదలకు అంటే ఆగి, ఆ జ్ఞాపకాన్ని పట్టుకుని ఉండటం గుర్రానికి నిజంగా కష్టమైన పని. తొందరపడే గుర్రానికి ఇంకా కష్టం.

ఇందులో గుర్రానికి పాఠం చెప్పేది రైడర్ కాలి ఒత్తిడి కాదు, ఒత్తిడి తీసేసే క్షణం. ఎడమ వెనక కాలు నేల వదలబోతుండగా కాలితో అడిగి, అది లేవగానే వదిలేస్తే, గుర్రం ఆ లేవడాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆలస్యంగా వదిలితే దాని తర్వాత చేసిన పనిని గుర్తుపెట్టుకుంటుంది, అది చాలాసార్లు ముందుకి దూకడమే. హైదరాబాద్‌లో రేసు గుర్రాలతో మొదలైనవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు ఇక్కడికొచ్చాకే చేతుల్లోకి వచ్చింది. రేసు గుర్రాన్ని పగ్గం మీద ఆనించి పరిగెత్తిస్తారు, చేతికి ఎప్పుడూ బరువు తెలుస్తూనే ఉంటుంది. ట్రెయిల్ గుర్రాన్ని చేతిలో ఏమీ లేనట్టు నడిపించాలి. మలక్‌పేట ట్రాక్ నుంచి రిటైరై రైడింగ్ స్కూళ్లకి వెళ్లే థరోబ్రెడ్‌ల మీద పనిచేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఈ ఒక్క కర్ర వ్యాయామం వాటికి ఇంకా బాగా పనిచేస్తుంది.

ఆరేళ్లు, ఆ పైబడిన గుర్రాన్ని పోటీలో మామూలుగా కర్బ్ బిట్‌తో (నోటి మీద మీటలా పనిచేసే కళ్లెం) ఒంటి చేత్తోనే నడపాలి. ఇంటి దగ్గర మాత్రం మెత్తటి స్నాఫిల్ (మీట లేని సాదా కళ్లెం), రెండు చేతులు. ఒంటి చేత్తో సరిదిద్దలేనివి రెండు చేతులతో ముందే సరిదిద్ది పెట్టుకోవడానికే ఇల్లు.

అంగ లెక్క

లోప్‌కి వచ్చేసరికి మొదట కర్ర లేకుండా అంగ మార్చడం నేర్పాలి. అరీనాలో 21 అడుగుల దూరంలో రెండు కర్రలు పరిచాం. ఒకసారి మధ్యలో మూడు అంగలు, అంటే ఒక్కోటి ఏడడుగులు. ఇంకోసారి అదే దూరంలో నాలుగు, అంటే ఒక్కోటి ఐదడుగుల పైచిల్లర. మూడు పెన్నీకి సులువు. నాలుగు వేయాలంటే వెనక కాళ్లని ఒంటి కిందికి తెచ్చుకుని, బరువు వెనక్కి తీసుకోవాలి. నిలబడి ఉన్న గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది, దాన్ని కొంచెం వెనక్కి జరపడమే ఈ శిక్షణ అంతా. కుడి లీడ్‌లో నాలుగు అంగలు పడేదాకా వరస కర్రలు వేయలేదు.

ఈ దశలో అసలు పని గుర్రం మీద కాదు, అమ్మాయి మీద జరిగింది. కర్ర దగ్గర పడుతుంటే కింద చూసేది. తల కిందికి వంగితే భుజాలు ముందుకొస్తాయి, భుజాలు వస్తే గుర్రం బరువు ముందుకి పడుతుంది. అప్పుడు వెనక కాలు ఆలస్యంగా లేచి తగులుతుంది. "కర్ర చూడకమ్మా, అది ఎక్కడికీ పోదు" అంటే నవ్వుతుంది గానీ మళ్లీ చూస్తుంది. అందుకని లెక్క పెట్టించాను. మొదటి కర్రకి నాలుగంగల ముందు నుంచి ప్రతి అంగకీ పైకి లెక్క. నోరు లెక్క పెడుతున్నప్పుడు కళ్లు కిందికి పోవడం తగ్గుతుంది. పైగా లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో పక్కన నిలబడ్డ నాకూ వినిపిస్తుంది. ప్రతిసారీ, నిజంగా ప్రతిసారీ, కర్ర తగిలిన రౌండ్లలో లెక్క తొందరపడింది కర్రకి రెండంగల ముందే.

దాంతో ఒక నియమం పెట్టాం. రెండంగల ముందు గీత సూటిగా లేకపోతే, లయ పోతే, కర్రల మీదికి వెళ్లకూడదు. పక్కకి తిప్పి, పెద్ద గుండ్రం తిరిగి, మళ్లీ రావాలి. పోటీలో అలా తిప్పుకోవడం కుదరదు కాబట్టి ఇంటి దగ్గరే ఆ స్వేచ్ఛ వాడుకోవాలి. ఇలా తిప్పేస్తే గుర్రం అడ్డంకి తప్పించుకోవడం నేర్చుకోదా అని చాలామంది అడుగుతారు. గుర్రం తిరిగితే నేర్చుకుంటుంది. మనిషి ముందే తిప్పితే నేర్చుకోదు.

విసనకర్రలా ఒంపుగా పరిచిన కర్రలు చివరికి వచ్చాయి. వీటిలో కొలత మధ్యలో తీసుకుంటారు. లోపలి వైపు వెళ్తే దూరం తగ్గుతుంది, బయటికి జరిగితే పెరుగుతుంది. అంగ పొట్టిగా ఉన్న గుర్రం లోపలికి, పొడుగున్నది బయటికి వెళ్లొచ్చని కొందరు చెప్తారు. పెన్నీకి కుడి లీడ్‌లో కొంచెం బయటి గీత నేర్పడం తప్పుదారే అయినా తాత్కాలికంగా నేర్పించాను. అంగ దారికొచ్చాక మళ్లీ మధ్యకి తెచ్చాం.

బ్రిడ్జి మీద మొరాయింపు

స్కోర్ షీట్లలో ఐదేసి పాయింట్లు మింగింది బ్రిడ్జి. కుటుంబం చెప్పిన కథ ప్రకారం కుడి వైపు నుంచి వస్తే ఎక్కుతుంది, ఎడమ వైపు నుంచి వస్తే ఆగిపోతుంది. బార్న్‌లో ఎవరో వాళ్లకి చెప్పారట, గుర్రానికి ఒక కంటితో చూసింది రెండో కంటికి తెలియదని, అందుకే రెండు పక్కలా విడివిడిగా నేర్పాలని. ఈ మాట గుర్రాల లోకంలో వందేళ్లుగా తిరుగుతోంది. ఇది నిజం కాదని 1999లోనే ఎవలిన్ హాంగీ చేసిన ప్రయోగాల్లో తేలింది. ఒక కంటికి గంతలు కట్టి బొమ్మలు గుర్తుపట్టడం నేర్పితే గుర్రాలు రెండో కంటితోనూ గుర్తుపట్టాయి. మరి ఒక వైపు నుంచి తెలిసిన వస్తువు దగ్గర ఇంకో వైపు నుంచి వస్తే ఎందుకు బెదురుతాయి? కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లల ఆట సామాను ఒకటి చిన్న వయసు గుర్రాలకి అలవాటు చేసి, దాన్నే 90 డిగ్రీలు తిప్పి పెడితే, కొత్త వస్తువుని చూసినట్టే బెదిరాయి. కళ్ల సమస్య కాదు, ఆకారం మారడమే.

పెన్నీ విషయంలో ఇంకోటి కూడా ఉంది. ఇన్‌డోర్ అరీనా తలుపు తెరిచి ఉంటే మధ్యాహ్నం ఎండ ఒక పట్టీలా వచ్చి బ్రిడ్జి ముందు నేల మీద పడుతోంది. ఎడమ నుంచి వస్తే ఆ వెలుగు పట్టీ దాటి చీకటి వైపు ఎక్కాలి. వెలుగు నుంచి చీకటికి గుర్రం కన్ను సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. అది ఆగేది బ్రిడ్జి దగ్గర అనిపిస్తుంది, నిజానికి ఆగేది వెలుగు అంచు దగ్గర, బ్రిడ్జికి రెండడుగుల ముందు. తలుపు మూయించి చూస్తే మొరాయింపు సగానికి సగం పోయింది. మిగతా సగానికి పాత పద్ధతే. ప్లైవుడ్ షీటు నేల మీద పరిచి, మొదట తల దించి వాసన చూడనివ్వడం. తల దించితేనే దానికి దగ్గరి వస్తువు సరిగ్గా కనిపిస్తుంది, ఆ సమయంలో పగ్గం పట్టి తల ఎత్తే రైడర్లు గుర్రం కళ్లు తామే మూస్తున్నారు. తర్వాత ఒక కాలు పెట్టించి, గుర్రం దిగాలనుకునేలోపే మనమే దింపడం. దిగే హక్కు తన దగ్గర ఉందనుకున్న గుర్రం ఎక్కడానికి అంతగా పేచీ పెట్టదు. తర్వాత అసలు బ్రిడ్జి, రోజుకో చోట, రోజుకో దిక్కుకి తిప్పి. వెలుగు పట్టీ మీద కూడా కావాలనే పెట్టాం, చివర్లో.

సోషల్ మీడియాలో టార్పాలిన్లు కప్పి, మంటల పక్కన గుర్రాలు నడిపించే వీడియోలు చూసి అమ్మాయి అవి కూడా చేద్దామంది. అవి వేరే పోటీల పని. క్వార్టర్ హార్స్ అసోసియేషన్ ట్రెయిల్ క్లాసులో మంట, జంతువులు, ఊగే బ్రిడ్జి, దొర్లిపోయే ఎత్తు కర్రలు, పీవీసీ పైపులు నిషేధం. ఇక్కడ చూసేది గుర్రం ధైర్యాన్ని కాదు, మర్యాదని, కదలిక నాణ్యతని.

మిగతావి

ఎల్ సందులో వెనక్కి నడవడం విసిగించింది గానీ కష్టపెట్టలేదు. సందు మొదట్లో గుర్రం వంకరగా ఆగితే లోపలికి వంకరగానే వెళ్తుంది, మధ్యలో సరిచేయడానికి 28 అంగుళాల్లో చోటు లేదు. అందుకని సూటిగా ఆగేదాకా వెనక అడుగే అడగలేదు. ఒక అడుగు, ఆగడం, ఒక అడుగు, ఆగడం. కొన్నిసార్లు మలుపు దాకా వెళ్లి, వెనక్కి కాకుండా ముందుకి బయటికి నడిపించేశాను, చివర ఎక్కడుందో దానికి ముందే తెలియకుండా. తొందర తగ్గింది.

గేటు సమస్య పూర్తిగా రైడర్‌దే. తాడు అందుకోవడానికి నడుము నుంచి వంగిపోతుంటే గుర్రం ఆ బరువుకి దూరంగా పిర్ర తిప్పేసేది, తాడు చేతిలోంచి జారేది. తాడు వదిలితే ఐదు పాయింట్లు. గుర్రాన్ని గేటుకి ఇంకో అరడుగు దగ్గరగా ఆపడం నేర్చుకున్నాక వంగాల్సిన అవసరమే లేకపోయింది. సైడ్‌పాస్ ఇప్పటికీ పెన్నీకి బలం కాదు. ముందు కాళ్లు వెనక కాళ్లకన్నా ముందుగా జరుగుతాయి. దాని మీద ఇంకా పనిచేస్తున్నాం.

పోటీలు

టెక్సస్ వేసవిలో తొమ్మిదింటికల్లా పని ముగించాల్సిందే, అందుకని శరదృతువు దాకా పోటీలకి పంపలేదు. పోటీ రోజు గోడకి అతికించిన కోర్సు పటం చూసి, నడిచి చూసే వీలున్న చోట అమ్మాయి చేత కాలినడకన కొలిపించాను. మనిషి ఒక పెద్ద అంగలో మూడడుగుల దూరం వేయడం అలవాటు చేసుకుంటే, అలాంటివి రెండు కలిస్తే ఒక లోప్ అంగ. ఏ వరస ఆరడుగులకి పరిచారు, ఏది ఆరున్నరకి పరిచారు అన్నది కాళ్లతో తెలిసిపోతుంది.

మొదటి పోటీలో బ్రిడ్జి బాగా దాటింది, అమ్మాయి సంతోషం పట్టలేక వంగి మెడ నిమిరింది. ఐదు పాయింట్లు పోయాయి. కోర్సు మధ్యలో చేత్తో గుర్రాన్ని భయపెట్టినా మెచ్చుకున్నా ఒకటే శిక్ష. నేను గేటు బయట తల పట్టుకుంటే పిల్ల వచ్చి, "మంచి పని చేసింది కదా అంకుల్, ఎలా ఊరుకోను?" అంది. వాదించలేదు. బయటికొచ్చాక నిమురుకో తల్లీ అన్నాను.

తర్వాతి పోటీ స్కోర్ షీట్ పూర్తిగా చెప్తాను, ఎందుకంటే గుర్రం పరిస్థితి అందులో ఉంది. గేటు ప్లస్ అర. జాగ్ కర్రలు సున్నా, అంటే సరిగ్గా చేసింది, గొప్పగా కాదు. బ్రిడ్జి ప్లస్ అర. లోప్ కర్రలు, కుడి లీడ్‌లో ఒంపు వరస, మైనస్ అర, పైగా ఒక రాపిడికి అర పాయింటు కోత. ఎల్ సున్నా. సైడ్‌పాస్ మైనస్ అర, ఒకసారి తగిలినందుకు ఒక పాయింటు. బాక్స్ ప్లస్ అర, వాక్ కర్రలు ప్లస్ అర. అడ్డంకుల లెక్కలో ఒకటి కలిసింది, కోతల్లో ఒకటిన్నర పోయింది. మొత్తం 69.5.

సగటుకి అర పాయింటు తక్కువ. ఆ రోజు రిబ్బను రాలేదు. వాళ్ల నాన్న షీటు రెండుసార్లు చదివి, "అయితే ఇప్పుడు తన్నింది ఒకటేనా?" అన్నారు. ఒకటి తన్నింది, ఒకటి రాసుకుంది అని సరిదిద్దాను. వీడియో పెట్టి చూస్తే లోప్ వరసలో రాసుకున్నది మళ్లీ మూడో కర్రే, ఎడమ వెనక కాలే. అమ్మాయి తనే వెనక్కి తిప్పి చూపించింది, మొదటి కర్రకి ముందు లెక్క ఎక్కడ తొందరపడిందో.

ప్రస్తుతం ఏర్పాటు ఇలా ఉంది. హాక్ కీలు ఆరు నెలలకోసారి డాక్టర్ చూస్తారు, ఇంజెక్షన్ అవసరమైతేనే. నాడాలు ఆరు వారాలకే. ఎత్తు పెట్టిన కర్రలు వారానికి ఒక్క రోజు, ఆ రోజు లోప్ కర్రలు లేవు. పూర్తి కోర్సు ఇంటి దగ్గర వేయడం మానేశాం, పోటీకి ముందు వారం కూడా వేయం. కుడి లీడ్‌లో 21 అడుగుల్లో నాలుగు అంగలు ఇంకా అడిగినప్పుడల్లా రావడం లేదు. అవి వచ్చేదాకా పెద్ద పోటీలకి పేరు ఇవ్వబోమని ముగ్గురం ఒప్పుకున్నాం. అమ్మాయికి యూత్ క్లాసుల్లో ఇంకా రెండు సీజన్లు మిగిలి ఉన్నాయి.